లెక్కకు అందేదాన్ని దాచిపెట్టకండి

ఒకే తెర మీద రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం మీరు చూసే ఉంటారు. పైన కార్ట్ బొమ్మ పక్కన 3 అని ఉంటుంది. లోపలికి వెళ్తే సరుకులు రెండే. పేజీ రిఫ్రెష్ చేస్తే సర్దుకుంటుంది, మర్నాడు మళ్ళీ తేడా వస్తుంది. రాసినవాళ్ళకు ఇది చిన్న బగ్. డబ్బు కట్టబోతున్న మనిషి అలా అనుకోడు. కళ్ళెదుట ఉన్న రెండింట్లో ఒకటి తప్పని తెలిశాక, మిగతా అంకెల్ని మాత్రం ఎందుకు నమ్ముతాడు?

ఫేస్‌బుక్ అంతటి సంస్థకే ఇది తప్పలేదు. 2014లో ఎఫ్8 సదస్సులో ఆ సంస్థ ఇంజనీర్లు ఈ సంగతి వేదిక మీదే చెప్పారు. మెసేజ్‌ల గుర్తు మీద కొత్తది వచ్చినట్టు అంకె కనిపించేది, నొక్కి చూస్తే కొత్త మెసేజ్ ఏదీ ఉండేది కాదు. బాగుచేసేవాళ్ళు. కొన్నాళ్ళు బాగుండేది. మళ్ళీ తిరిగొచ్చేది. చాట్ డబ్బాలో, పేజీ పైభాగంలో, మెసేజ్‌ల పెద్ద పేజీలో అదే సమాచారం రకరకాలుగా కనిపించాలి. చదవని మెసేజ్‌ల లెక్కను ఇలాంటి చోట విడిగా పెట్టుకుని, ఒకటి వస్తే పెంచుతూ, ఒకటి చదివితే తగ్గిస్తూ పోతే, ఎక్కడో ఒక్క దారి మరిచిపోయినా చాలు, అంకె తప్పుతుంది. అలాంటి చిక్కుల్లోంచే ఫ్లక్స్ అనే పద్ధతి బయటికొచ్చింది. మరుసటి ఏడాది డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్ రాసిన రిడక్స్ ఆ ఆలోచనను ఇంకా సూటిగా చేసింది: యాప్ మొత్తానికీ ఒకే ఉమ్మడి స్టోర్, దాన్ని మార్చడానికి ఒకే దారి.

స్టోర్ ఒక్కటైనంత మాత్రాన సమస్య తీరిపోదు. పొసగని రెండు అంకెల్నీ తెచ్చి అదే స్టోర్‌లో పక్కపక్కన పెట్టొచ్చు, చాలా ప్రాజెక్టుల్లో జరిగేది అదే. స్టోర్‌లో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్న విచక్షణ లేకపోతే రిడక్స్ పెట్టినా, పీనియా పెట్టినా, ఇంకేది పెట్టినా ఆ బగ్ తిరిగొస్తుంది. లైబ్రరీ పేరు రెజ్యూమేలో పనికొస్తుంది. ఈ విచక్షణ రోజూ చేసే పనిలో పనికొస్తుంది.

స్టోర్‌లో కొత్త ఫీల్డ్ చేర్చే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. "ఇప్పటికే స్టోర్‌లో ఉన్నవాటి నుంచి దీన్ని ఈ క్షణాన లెక్కకట్టగలనా?" కట్టగలిగితే అది రాబట్టిన విలువ, మన ఆఫీసుల్లో డిరైవ్డ్ స్టేట్ అంటాం. దాన్ని దాచకండి. అడిగినప్పుడు లెక్కకట్టి ఇవ్వండి.

కిరాణా సరుకుల ఆర్డర్ యాప్ రాస్తున్నారనుకోండి. పని మొదలుపెట్టిన ఊపులో స్టోర్‌లోకి ఎనిమిది ఫీల్డులు వచ్చేస్తాయి: సరుకుల జాబితా, సెర్చ్ బాక్స్‌లో టైపు చేసిన మాట, ఆ మాటకు సరిపోయిన సరుకులు, కార్ట్‌లో ఉన్నవి, వాటి సంఖ్య, మొత్తం ధర, డెలివరీ ఉచితమా కాదా, ఆర్డర్ బటన్ నొక్కనివ్వాలా వద్దా. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టండి. సరుకుల జాబితా సర్వర్ నుంచి వచ్చింది, మనం ఊహించి రాయలేం. సెర్చ్ మాట మనిషి టైపు చేసింది. కార్ట్‌లో ఏ సరుకు ఎన్ని అన్నది ఆ మనిషి ఎంచుకున్నది. ఈ మూడూ నిజాలు. మిగతా ఐదూ ఈ మూడింటి నుంచి, ఉచిత డెలివరీకి మీరు పెట్టుకున్న హద్దు నుంచి వచ్చేవే.

ఆ ఐదింటినీ దాచారనుకోండి. ఒక అరకిలో పెసరపప్పు కార్ట్‌లో చేరిస్తే సంఖ్య మార్చాలి, మొత్తం మార్చాలి, డెలివరీ సంగతి చూడాలి, బటన్ సంగతి చూడాలి. సరుకు తీసేసినప్పుడూ అంతే. సర్వర్ నుంచి కొత్త ధరలు వచ్చినప్పుడు కార్ట్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అయినా మొత్తం మారాలి. ఇది గుర్తుండేది తక్కువమందికి. ఆరు నెలలకు కూపన్లు వస్తాయి, వాటిని రాసేది మీరు కాదు, కొత్తగా చేరిన మరొకరు. ఆ ఐదు ఫీల్డులనూ ఎక్కడెక్కడ సరిదిద్దాలో వాళ్ళకు ఎవరు చెబుతారు? దాచకుండా లెక్కకడితే ఈ ప్రశ్నే పుట్టదు. కూపన్ అనే కొత్త నిజం స్టోర్‌లో చేరుతుంది, మొత్తం లెక్కకట్టే ఫంక్షన్‌లో ఒక వరుస చేరుతుంది, అంతటితో సరి.

పాతకాలపు షావుకార్లు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవారు. జరిగిన లావాదేవీ జరిగినట్టు చిట్టాలోకి ఎక్కేది. ఎవరి ఖాతాలో ఎంత బాకీ అన్నది చిట్టా చూసి ఆవర్జాలో ఎత్తి రాసుకునేవారు. లెక్క తేడా వస్తే వెళ్ళి సరిచూసుకునేది చిట్టానే. మీ స్టోర్ చిట్టాలా ఉండాలి. కాగితం రోజుల్లో ప్రతిసారీ చిట్టా అంతా కూడి చూడలేరు కనుక ఆవర్జా రాసిపెట్టుకోక తప్పలేదు. కంప్యూటర్‌కు ఆ ఇబ్బంది లేదు. అడిగిన ప్రతిసారీ కొత్త ఆవర్జా రాసిస్తుంది.

ఈ ఆలోచన బ్రౌజర్ల కంటే పాతది. 1970లో ఐబీఎమ్‌లో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్, రిలేషనల్ డేటాబేస్‌లకు పునాది వేసిన తన వ్యాసంలోనే, ఒకదాని నుంచి రాబట్టగలిగిన పట్టికను కూడా దాచిపెడితే ఏమవుతుంది, రెండింటి మధ్య పొత్తు చెడకుండా ఎలా చూసుకోవాలి అని చర్చించాడు. డేటాబేస్ చదువుకున్నప్పుడు నార్మలైజేషన్ పేరుతో పరీక్ష కోసం బట్టీపట్టింది ఇదే. ఫ్రంట్ ఎండ్ పనిలోకి రాగానే దాన్ని కాలేజీలోనే వదిలేసి వస్తాం. వదిలెయ్యకండి.

ఇక అసలు కష్టమైన చోటికి వద్దాం. ఏది నిజం, ఏది రాబట్టిన విలువ అన్నది ఎప్పుడూ చూడగానే తేలదు. రాబట్టిన విలువలా కనిపించే నిజాలున్నాయి, వాటి దగ్గర తొందరపడితే దాచడం కంటే పెద్ద నష్టం జరుగుతుంది.

బిల్లు చూడండి. కార్ట్‌లో ఉన్నంతసేపూ మొత్తం ధర రాబట్టిన విలువే, సరుకు ధర మారితే అదీ మారాలి. ఆర్డర్ ఖాయమై డబ్బు చేతులు మారాక సంగతి వేరు. నిన్న ఆ ధరకు అమ్మాం అన్నది చరిత్ర. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు నెయ్యి మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత బిల్లులో సరుకు ఐడీ, పరిమాణం మాత్రమే దాచి, పన్ను రేటును ఇవాళ్టి పట్టిక నుంచి తెచ్చుకునే యాప్‌లో ఆ రోజు నుంచి ఆగస్టు బిల్లులన్నీ కొత్త రేటుతో కనిపిస్తాయి. అది తప్పుడు బిల్లు. కాబట్టి అమ్మిన క్షణాన ఉన్న ధరను, పన్ను రేటును బిల్లులోని ఒక్కో వరుసలోకి నిజాలుగా ఎక్కించాలి. ఆ వరుసల నుంచి మొత్తాన్ని మాత్రం ఎప్పటిలాగే లెక్కకట్టుకోవచ్చు. గీత ఎక్కడ గీయాలన్నది వ్యాపారం తెలిస్తేనే తెలుస్తుంది. అందుకే మంచి ఫ్రంట్ ఎండ్ డెవలపర్ కావాలనుకునేవాళ్ళు ఆ వ్యాపారం నడిపేవాళ్ళతో కూర్చుని మాట్లాడాలని గట్టిగా చెబుతాను.

ఫామ్‌లో సగం నింపిన చిరునామా కూడా ఇలాంటిదే. మొదట స్టోర్‌లోని పాత చిరునామాను చూపించినా, మనిషి అందులో అక్షరం మార్చిన క్షణం నుంచి అది అతని చిత్తుప్రతి, స్వతంత్రమైన నిజం. దాన్ని విడిగా ఉంచడమే సరైన పని.

ఎంచుకున్న సరుకు సంగతి దీనికి ఎదురు. జాబితాలో ఒకదాన్ని నొక్కగానే ఆ సరుకు ఆబ్జెక్ట్ మొత్తాన్ని ఎత్తి స్టోర్‌లో ఇంకోచోట పెట్టడం అలవాటుగా జరుగుతుంది. అప్పుడు అదే సరుకుకు రెండు ప్రతులు తయారవుతాయి. ఒకదానిలో ధర మారుతుంది, రెండోది పాతదిగానే ఉండిపోతుంది. మనిషి ఎంచుకున్నది ఐడీ ఒక్కటే. దాన్ని దాచండి, వస్తువును జాబితాలోంచి వెతికి తెచ్చుకోండి.

కాలం గురించి ఒక మాట. "గడువు దాటిన ఆర్డర్లు" రాబట్టిన విలువే గానీ, లెక్కలో ఇప్పటి సమయం కూడా ఉంది. అది స్టోర్‌లో లేదు. వ్యూ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక కంప్యూటెడ్ విలువ లోపల గడియారం చూస్తే, అది ఒకసారి లెక్కకట్టిన జవాబునే పట్టుకుని కూర్చుంటుంది, ఎందుకంటే గడియారం మారిందని వ్యూకు తెలిసే దారి లేదు. నిమిషానికోసారి ఇప్పటి సమయాన్ని స్టోర్‌లోకి ఒక నిజం రూపంలో పంపండి, లేదా ఫంక్షన్‌కు బయటి నుంచి ఇవ్వండి. లోపల గడియారాన్నీ, యాదృచ్ఛిక సంఖ్యల్నీ అడిగే ఫంక్షన్ రాబట్టిన విలువకు పనికిరాదు.

రియాక్ట్ రాసేవాళ్ళలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది, దాన్ని వదిలించుకోమని వేడుకుంటున్నాను. ఒక స్టేట్ మారితే యూజ్‌ఎఫెక్ట్ లోపల ఇంకో స్టేట్‌ను సెట్ చేయడం. సెర్చ్ మాట మారింది, తెర ఒకసారి పాత జాబితాతోనే గీయబడింది, తరువాత ఎఫెక్ట్ నడిచింది, కొత్త జాబితా సెట్ అయింది, తెర మళ్ళీ గీయబడింది. ఆ మధ్యలో ఒక క్షణం కొత్త మాటకు పాత జవాబు ఉంటుంది. ఇలాంటి ఎఫెక్ట్‌లు మూడు వరుసగా గొలుసుకట్టుకుంటే ఏది ముందు, ఏది తరువాత అన్నది రాసినవాళ్ళకే అంతుపట్టదు. రెండు స్టేట్‌లను పొత్తులో ఉంచడమే ఆ ఎఫెక్ట్ పని అయితే, రెండోది స్టేట్‌గా ఉండకూడదని అర్థం. ఆ ఎఫెక్ట్ తీసేసి, కాంపొనెంట్ లోపలే ఒక మామూలు వేరియబుల్‌గా లెక్కకట్టండి.

"ప్రతి రెండర్‌కూ లెక్కకడితే యాప్ నెమ్మదించదా?" ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, మంచి ప్రశ్నే. ముందు కొలవండి. బ్రౌజర్ కన్సోల్‌లో టైమ్ కొలిచే సౌకర్యం ఉంది. సెకనుకు 60 సార్లు గీసే తెరలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు చేతిలో ఉంటాయి. కార్ట్‌లో ఇరవై సరుకులను కూడటానికి అందులో కంటికి ఆననంత భాగం కూడా పట్టదు. ఒక మిల్లీసెకను, ఆపైన పడుతుంటేనే దాచుకోవడం గురించి ఆలోచించమని రియాక్ట్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. కొలిచేటప్పుడు మీ ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆగిపోకండి, మీ యాప్ వాడేవాళ్ళ చేతిలో ఉండే తక్కువ ధర ఫోన్‌లో కూడా చూడండి.

కొలిచాక నిజంగానే భారం అని తేలితే మెమోయిజేషన్ ఉంది. 1968లో డొనాల్డ్ మికీ అనే బ్రిటిష్ పరిశోధకుడు మెమో ఫంక్షన్ల గురించి నేచర్ పత్రికలో రాశాడు: ఒకసారి చేసిన లెక్క జవాబును గుర్తుపెట్టుకుని, అవే విలువలు మళ్ళీ ఇస్తే ఆ జవాబే తిరిగి ఇవ్వడం. స్టోర్‌లో ఫీల్డ్‌గా దాచడానికీ దీనికీ తేడా ఉంది. మెమో మీద ఎవరూ చేత్తో రాయరు. లోపలికొచ్చేవి మారితే జవాబు తనంతట తనే పాతబడుతుంది, మళ్ళీ లెక్క జరుగుతుంది. మెమోను ఏ క్షణాన తుడిచేసినా యాప్ తప్పు చెప్పదు, కాస్త ఆలస్యంగా చెబుతుంది, అంతే.

రిడక్స్‌లో మెమో అవసరం వేగం కంటే ఎక్కువగా మరో కారణంతో వస్తుంది. యూజ్‌సెలెక్టర్ హుక్ మీరిచ్చిన సెలెక్టర్‌ను, అంటే స్టోర్ నుంచి విలువను రాబట్టి ఇచ్చే ఫంక్షన్‌ను, స్టోర్ మారినప్పుడల్లా నడిపి, పోయినసారి జవాబూ ఈసారి జవాబూ ఒకటేనా అని చూస్తుంది. ఆ చూడటం రెఫరెన్స్‌ను బట్టి. లోపల ఏముందో విప్పి చూడదు. మీ సెలెక్టర్‌లో ఫిల్టర్ గానీ మ్యాప్ గానీ ఉంటే ప్రతిసారీ కొత్త అరే పుడుతుంది. లోపలి సరుకులు అవే అయినా అరే వేరు, కనుక కాంపొనెంట్ రీరెండర్ అవుతుంది. సంబంధం లేని మూలన ఎవరో మెనూ తెరిచినా సరుకుల జాబితా మొత్తం మళ్ళీ గీయబడుతుంది. "ఏమీ లేకపోతే ఖాళీ అరే ఇవ్వు" అని రాసే చిన్న వరుస కూడా ఇదే పని చేస్తుంది. ఆ ఖాళీ అరేను ఫంక్షన్ బయట ఒకసారి తయారుచేసి పెట్టుకోండి. కొత్త వెర్షన్ల రియాక్ట్ రిడక్స్ డెవలప్‌మెంట్ మోడ్‌లో మీ సెలెక్టర్‌ను తొలిసారి అదనంగా ఇంకోసారి నడిపి, రెండు వేర్వేరు రెఫరెన్స్‌లు వస్తే కన్సోల్‌లో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను మూసేయకుండా చదవండి.

దీనికోసమే రీసెలెక్ట్ లైబ్రరీ ఉంది. క్రియేట్‌సెలెక్టర్‌కు ముందు చిన్న సెలెక్టర్లు ఇస్తారు: సరుకుల జాబితా తెచ్చేది ఒకటి, సెర్చ్ మాట తెచ్చేది ఒకటి. చివరన అసలు లెక్క చేసే ఫంక్షన్ ఇస్తారు. చిన్నవి తెచ్చినవి మారకపోతే పెద్ద లెక్క జరగదు, పాత అరేనే అదే రెఫరెన్స్‌తో తిరిగొస్తుంది. చిన్న సెలెక్టర్లు ఉన్నదాన్ని ఉన్నట్టు తేవాలి, వాటిలో ఫిల్టర్ పెడితే మెమో పనికిరాదు. ఇంకో చిక్కుంది. చాలాకాలం రీసెలెక్ట్ ఒక్క జవాబునే గుర్తుపెట్టుకునేది. పప్పుల వరుస, నూనెల వరుస రెండూ ఒకే సెలెక్టర్‌ను వేర్వేరు విభాగాల పేర్లతో పిలిస్తే, ఒకరి జవాబును మరొకరు తుడిచేసేవారు. అందుకని ఒక్కో కాంపొనెంట్‌కు ఒక్కో సెలెక్టర్ తయారుచేసే ఫంక్షన్లు రాసుకోవలసి వచ్చేది. 2023 డిసెంబరులో వచ్చిన 5వ వెర్షన్ వీక్‌మ్యాప్ ఆధారంగా ఎన్నో జవాబుల్ని గుర్తుపెట్టుకునే పద్ధతికి మారింది. మీ ప్రాజెక్టు ఏ వెర్షన్ వాడుతోందో చూసి రాయండి.

సెలెక్టర్ లోపల సార్ట్ చేసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. జావాస్క్రిప్ట్‌లో అరే సార్ట్ ఉన్న అరేనే తారుమారు చేస్తుంది. ధర ప్రకారం చూపిద్దామని సెలెక్టర్‌లో సార్ట్ పిలిస్తే, చదవడానికి వెళ్ళి స్టోర్‌నే మార్చి వచ్చినట్టు. రిడక్స్ టూల్‌కిట్ వాడుతుంటే లోపలున్న ఇమ్మర్ ఆ అరేను ముందే ఫ్రీజ్ చేసి ఉంచుతుంది గనుక అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది, అది మీ అదృష్టం. లేకపోతే ఎక్కడో వేరే పేజీలో వరుస తారుమారై, కారణం వెతకడానికి ఒక పూట పోతుంది. ముందు నకలు తీసి సార్ట్ చేయండి, లేదా 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ వాడండి.

మిగతా ఫ్రేమ్‌వర్క్‌ల వాళ్ళకు ఈ పని చాలావరకు చేతికి అందించి ఉంది. వ్యూలో కంప్యూటెడ్, పీనియాలో గెటర్లు, మాబ్‌ఎక్స్‌లో కంప్యూటెడ్, స్వెల్ట్‌లో డిరైవ్డ్, సాలిడ్‌లో క్రియేట్‌మెమో. ఏ విలువలు చదివారో వాటినే గమనించి, అవి మారినప్పుడే మళ్ళీ లెక్కకడతాయి. యాంగ్యులర్ 2023లో 16వ వెర్షన్‌తో సిగ్నల్స్ తెచ్చింది, 2024లో సిగ్నల్స్‌ను జావాస్క్రిప్ట్ భాషలోకే తేవాలన్న ప్రతిపాదన టీసీ39 సంఘం ముందుకు వెళ్ళింది. పనిముట్లు మారుతున్నాయి గానీ అన్నీ ఒకే దిక్కుకు నడుస్తున్నాయి. ఈ అధ్యాయంలోని ప్రశ్న ఏ పనిముట్టుతోనైనా పనికొస్తుంది.

సెలెక్టర్లను ఎక్కడ ఉంచాలి? స్టోర్‌లో ఆ భాగాన్ని నిర్వచించిన ఫైల్ పక్కనే. కాంపొనెంట్లలో చెదురుమదురుగా రాస్తే "మొత్తం ధర" అనే లెక్క మూడు చోట్ల మూడు రకాలుగా తయారవుతుంది, ఒకచోట డెలివరీ కలిపి, ఒకచోట కలపకుండా. దాచకపోయినా రెండు అంకెలు మళ్ళీ విభేదిస్తాయి. పేర్లు కూడా స్పష్టంగా పెట్టండి: డెలివరీ కలిపిన మొత్తం, కలపని మొత్తం అని తెలిసేలా. వీటికి టెస్ట్ రాయడం ఫ్రంట్ ఎండ్‌లో అన్నిటికన్నా తేలిక. బ్రౌజర్ అక్కర్లేదు, తెర అక్కర్లేదు. ఒక స్టేట్ ఇచ్చి, జవాబు సరిచూడటమే. ఖాళీ కార్ట్, జాబితాలోంచి తొలగించిన సరుకు ఇంకా కార్ట్‌లో మిగిలిపోయిన సందర్భం, ఉచిత డెలివరీ హద్దుకు సరిగ్గా సమానమైన మొత్తం, ఈ మూడూ తప్పక రాయండి. డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.

ఇప్పటికే నడుస్తున్న పెద్ద యాప్‌లో ఇవన్నీ ఒకేసారి మార్చబోకండి. ఒక్క ఫీల్డ్ పట్టుకోండి, ఎక్కువ బగ్‌లు వచ్చేదాన్ని. అదే పేరుతో సెలెక్టర్ రాయండి. చదివే చోట్లన్నీ ఫీల్డ్ నుంచి సెలెక్టర్‌కు మార్చండి. కొన్నాళ్ళు రెండూ ఉండనిచ్చి, తేడా వస్తే లాగ్‌లో రాసేలా పెట్టండి. ఆ లాగ్ మీ టీమ్‌లో ఎవరికీ తెలియని బగ్‌లను బయటపెట్టగలదు. తేడాలు రావడం ఆగాక ఫీల్డ్‌నూ, దాన్ని మార్చే వరుసలన్నిటినీ తీసేయండి. కోడ్ రివ్యూలో ఎవరైనా స్టోర్‌కు కొత్త ఫీల్డ్ చేరిస్తే "దీన్ని లెక్కకట్టలేమా?" అని మర్యాదగా అడగండి. మీకంటే సీనియర్ రాసినా అడగండి.

రేపు ఆఫీసులో పని మొదలుపెట్టే ముందు మీ స్టోర్ ఫైల్ తెరిచి, ప్రతి ఫీల్డ్ పక్కన నిజం అనో, రాబట్టింది అనో పెన్సిల్‌తో రాసుకోండి. ఏది రాయాలో తేలని ఫీల్డులు కొన్ని మిగులుతాయి. వాటిని టీమ్ ముందు పెట్టి మాట్లాడండి.